మా చావుల లెక్క మాకు చెప్పండి

కర్నూలు జిల్లాలో ఈ రోజు పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్ళు బతుకుతుందో ప్రభుత్వాన్ని అడిగి చూడండి. జవాబు రాదు. ఆ లెక్క వాళ్ళ దగ్గర లేదు. ఏ మండలంలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో పొద్దున్నే చెబుతారు. జిల్లాలో గొర్రెలెన్నో మేకలెన్నో చెబుతారు. పత్తి ఎన్ని ఎకరాల్లో వేశారో, మార్కెట్ యార్డులో ఉల్లి క్వింటాలు ఎంత పలికిందో చెబుతారు. మనిషి ఆయుష్షు మాత్రం చెప్పరు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. దామోదరం సంజీవయ్యనూ కోట్ల విజయభాస్కర రెడ్డినీ ముఖ్యమంత్రులుగా ఇచ్చిన జిల్లా ఇది. పక్కనున్న కడప మరో ఇద్దరిని ఇచ్చింది. ఇన్నిసార్లు కుర్చీ మా వాళ్ళదైంది గానీ, మా మనుషులు ఏ వయసుకు పోతున్నారన్న ఒక్క ప్రశ్నకు సర్కారు కాగితం మీద ఇప్పటికీ జవాబు లేదు.

గట్టిగా అడిగితే రాష్ట్రం అంకె చూపిస్తారు. ఆంధ్రప్రదేశ్ సగటు ఆయుర్దాయం డెబ్బైకి చేరింది, దేశం సగటుకు తీసిపోలేదు, ఇంకేం కావాలంటారు. ఆ డెబ్బైలో కృష్ణా డెల్టా ఉంది, విశాఖపట్నం ఉంది, గుంటూరు, నెల్లూరు ఉన్నాయి. మా కర్నూలు జిల్లా కోసిగి, హొళగుంద కూడా ఉన్నాయి. అన్నిటినీ ఒకే కుప్ప పోశాక కోసిగి కనబడదు. కనబడని ఊరికి డాక్టరు రాడు, మందు రాదు, బడ్జెట్టు రాదు. నా కోపమంతా ఆ కుప్ప మీదే.

ముందు ఆ డెబ్బై అంటే ఏమిటో తేల్చుకుందాం. దాన్ని సభల్లో చదివేవాళ్ళలో చాలామందికి అది తెలియదు. సగటు ఆయుర్దాయం 70 అంటే డెబ్బయ్యో ఏట అందరూ పోతారని అర్థం చెప్పుకుంటున్నారు. అరవై నిండిన మనిషికి ఇక పదేళ్ళే మిగిలాయని లెక్కలు వేస్తున్నారు. పూర్తిగా తప్పు. మన దేశంలో అరవై దాకా వచ్చినవాళ్ళకు సగటున ఇంకో 18 ఏళ్ళు ఉన్నాయని అవే పట్టికలు చెబుతున్నాయి. ఏడాది దాటిన బిడ్డకు మిగిలిన ఏళ్ళు, పుట్టిన రోజున ఉన్నవాటికంటే ఎక్కువ. ఎందుకంటే మొదటి ఏడాదే పెద్ద గండం. దాన్ని దాటిన బిడ్డ ముందు దారి పొడుగవుతుంది.

లెక్క ఇలా కడతారు. ఒక కాలం తీసుకుంటారు, సాధారణంగా ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళలో ఏ వయసువాళ్ళు వెయ్యికి ఎంతమంది పోయారో విడివిడిగా రాసుకుంటారు: ఏడాది లోపు, ఒకటి నుంచి నాలుగు, ఐదు నుంచి తొమ్మిది, అట్లా ఎనభై ఐదు పైబడిన వాళ్ళ దాకా. తర్వాత కాగితం మీద లక్షమంది పసిబిడ్డలను పుట్టిస్తారు. వాళ్ళందరినీ ఆ చావు రేట్ల గుండా నడిపిస్తారు. మొదటి ఏడాదిలో ఇంతమంది రాలిపోయారు, మిగిలినవాళ్ళు ఐదేళ్ళకు చేరేసరికి ఇంకొందరు తగ్గారు, ఇరవైకి ఇంతమంది మిగిలారు, అరవైకి ఇంతమంది. ఆఖరి మనిషి పోయేదాకా ఈ నడక ఆగదు. ఆ లక్షమందీ కలిసి బతికిన ఏళ్ళన్నీ కూడి లక్షతో భాగిస్తే వచ్చేదే పుట్టిననాటి ఆయుర్దాయం. ఈ పట్టికను లైఫ్ టేబుల్ అంటారు. ఆ లక్షమంది ఎక్కడా లేరు. వాళ్ళ మీద వేసిన చావు రేట్లు మాత్రం మన ఊళ్ళవి, మన కాలానివి. కాబట్టి ఈ అంకె ఎవరి జాతకమూ చెప్పదు. ఇప్పుడు మనం మనుషులను ఏ వయసులో పోగొట్టుకుంటున్నామో అది చెబుతుంది. 2021లో భారతదేశ ఆయుర్దాయం 67.2 ఏళ్ళకు పడిపోయిందని 2022లో ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ఆ ఏడు పుట్టిన పిల్లలు అరవై ఏడుకే పోతారని దాని భావం ఎవరూ తీయకూడదు. ఆ ఒక్క ఏడాది కరోనా ఎంతమందిని ఎత్తుకుపోయిందో అందులో ఉంది.

1693లోనే ఇలాంటి పట్టిక కట్టారు. కట్టింది ఎడ్మండ్ హేలీ, తోకచుక్క పేరుతో మనకు బడిలో తెలిసిన ఆయనే. బ్రెస్లా అనే నగరంలో పుట్టుకలూ చావులూ వయసులతో సహా రాసిపెట్టిన కాగితాలు ఆయనకు దొరికాయి. వాటిని సేకరించినవాడు ఆ నగరంలోని ఒక పాస్టరు, కాస్పర్ నాయ్‌మన్. కంప్యూటరు లేదు, కరెంటు లేదు. మూడు వందల ఏళ్ళ కిందట ఒక్క నగరానికి చేయగలిగిన లెక్కను 2011 నాటికే నలభై లక్షల జనాభా దాటిన ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఇప్పుడు చేయలేమంటే నేను నమ్మను. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు.

ఆలూరు దగ్గర ఒక ఊళ్ళో ఒక అవ్వను అడిగినాను, నీకెంతమంది పిల్లలవ్వా అని. వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టింది. “పదకొండు కాన్పులు నాయనా. ఐదుగురు దక్కినారు. ఇద్దరు పురిట్లోనే పోయిరి. ఒగడు ఆర్నెల్లకు. పెద్దపాపకు అమ్మవారు పోసి పాయె. ఇంగిద్దరిదీ మతికి ల్యా.” అంతే చెప్పింది. ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. తానే కన్న ఇద్దరు బిడ్డలు ఎట్లా పోయారో మరిచిపోయేటన్ని చావులు చూసింది ఆమె. ఆయుర్దాయం అంటే ఏమిటో నాకు ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. పుట్టింది ఎంతమంది, బతికి ఉన్నది ఎంతమంది అన్న ఈ రెండు ప్రశ్నలనే జనాభా లెక్కల్లో ఆడవాళ్ళను అడుగుతారు. చావుల రిజిస్టర్లు సరిగా లేని దేశాల్లో తల్లుల జవాబుల నుంచే పసిపిల్లల మరణాల రేటు రాబట్టే పద్ధతిని విలియం బ్రాస్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు తయారుచేశాడు. అవ్వ వేళ్ళ మీది లెక్క అంత విలువైనది.

ఇప్పుడు ఒక చిన్న కూడిక చేద్దాం. ఒక ఇంట్లో పదిమంది పుట్టారు. ముగ్గురు ఏడాది లోపే పోయారు. ఒక కూతురు ఇరవయ్యో ఏట కాన్పులో పోయింది. ఆరుగురు డెబ్బై ఐదు దాకా బతికారు. సగటు చూస్తే నలభై ఏడు వస్తుంది. ఆ ఇంట్లో నలభై ఏడో ఏట పోయినవాళ్ళు ఒక్కరూ లేరు. అదే ఇంట్లో ముగ్గురు పసిబిడ్డలకు బదులు ఒక్కరే పోయి, మిగిలిన ఇద్దరూ డెబ్బై ఐదు చూశారనుకోండి. సగటు అరవై రెండవుతుంది. పెద్దవాళ్ళ ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. ఇద్దరు పసిబిడ్డలు దక్కినందుకు పదిహేనేళ్ళు పెరిగింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చే నాటికి 32 దగ్గర ఉన్న ఆయుర్దాయం 70కి రావడంలో ఎక్కువ వాటా ఇలా దక్కిన పిల్లలదే. 1971లో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది లోపే పోయేవాళ్ళు. 2020 నాటికి ఆ సంఖ్య 28. ఆంధ్రప్రదేశ్‌లో 24, కేరళలో 6. కేరళకూ మనకూ మధ్య ఉన్న ఆ 18 మంది పిల్లలు ఏ మండలాల వాళ్ళు? అడగాల్సిన ప్రశ్న ఇది. అడగనివ్వడం లేదు.

మా సీమలో ఇంకో మాట బాగా వినబడుతుంది, చదువుకున్నవాళ్ళ నోటే ఎక్కువ. కొర్రన్నం, జొన్నరొట్టె తిన్న మా తాతలు తొంభై ఏళ్ళు ఉక్కులా బతికారు, ఇప్పటివాళ్ళు యాభైకే కూలబడుతున్నారు అని. కొర్రలు మంచివే, తినండి. కానీ ఆ తాతతోపాటు పుట్టిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎందరో, వాళ్ళలో ఎందరు ఐదేళ్ళు చూశారో ఎప్పుడైనా అడిగారా? మీరు చూసింది బతికి బయటపడిన తాతను. బయటపడనివాళ్ళకు మనవళ్ళు లేరు, వాళ్ళ గురించి చెప్పేవాళ్ళు లేరు. ఊరి ఓటర్ల జాబితాలో పాత పేర్లు చూడండి. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, కుప్పయ్య. ముందు పుట్టినవాళ్ళు వరసగా పోతుంటే, ఈ బిడ్డనైనా మృత్యువు కన్నెత్తి చూడకూడదని చెత్తకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి పెట్టిన పేర్లవి. ఒక్కో పేరు వెనక ఇద్దరు ముగ్గురు పేరు పెట్టకుండానే పోయిన పిల్లలున్నారు. దీన్ని బంగారు కాలమని పొగిడేవాళ్ళు ఆ తల్లుల కడుపుకోతను తుడిచేస్తున్నారు. నేను ఒప్పుకోను.

సరే, మన దేశంలో ఆ చావు రేట్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ నుంచి. ఎస్.ఆర్.ఎస్. అంటారు, భారత రిజిస్ట్రార్ జనరల్ నడుపుతారు. 1964-65లో ప్రయోగంగా మొదలై 1969-70 నాటికి పూర్తి స్థాయికి వచ్చింది. దేశమంతా కలిపి 8,800 పైచిలుకు ఊళ్ళూ పట్టణ బ్లాకులూ ఎంచుకుంటారు. వాటిలో ఉండేది 80 లక్షల పైబడిన జనం. ప్రతి చోటా స్థానికంగా ఉండే ఒకరు, అంగన్‌వాడీ కార్యకర్తో టీచరో, పుట్టుకా చావూ జరిగినప్పుడల్లా రాసుకుంటారు. ఆరు నెలలకోసారి ఒక సూపర్‌వైజరు ఆ పుస్తకం చూడకుండా, ఇల్లిల్లూ తిరిగి తన లెక్క తాను రాసుకుంటారు. తర్వాత రెంటినీ సరిపోల్చి, కలవని ప్రతిదాన్నీ మళ్ళీ ఊరికి పోయి తేల్చుకుంటారు. నికార్సయిన పద్ధతి. దాన్ని కనిపెట్టినవాళ్ళకూ, ఎండలో తిరిగి ఆ పుస్తకాలు నింపేవాళ్ళకూ నేను దండం పెడతాను.

కానీ అది రాష్ట్రాల కోసం కట్టిన లెక్క. దేశంలో జిల్లాలు 700 పైన. 8,800 యూనిట్లను పంచితే జిల్లాకు సగటున పన్నెండో పదమూడో. అంటే పదకొండు వేల మంది జనం, ఏడాదికి డెబ్బై ఎనభై చావులు. ఆ డెబ్బై ఎనభై చావులను మగా ఆడా, పసివాళ్ళూ ముసలివాళ్ళూ అని పంతొమ్మిది వయసు వరసల్లో పంచితే ఒక్కో గడిలో సగటున రెండు పడతాయి. వాటితో ఆయుర్దాయం కట్టలేరు, కట్టినా నమ్మలేం. అందుకే ఎస్.ఆర్.ఎస్. జిల్లా అంకె ఇవ్వదు. కేరళకు 75 దగ్గర, ఛత్తీస్‌గఢ్‌కు 65 దగ్గర అని చెప్పి ఆగుతుంది. రాష్ట్రాల మధ్యే పదేళ్ళ తేడా ఉన్న దేశంలో, ఒకే రాష్ట్రం లోపల డెల్టాకూ మెట్టకూ తేడా ఉండదని ఎవరైనా అనగలరా?

ఆ తేడా తేల్చే అవకాశం ఒకసారి వచ్చింది. 2010 నుంచి 2013 దాకా కేంద్రం యాన్యువల్ హెల్త్ సర్వే నడిపింది. జిల్లా జిల్లాకూ శిశు మరణాల రేటు విడిగా చెప్పిన సర్వే అది. తొమ్మిది రాష్ట్రాలు, 284 జిల్లాలు: బీహారు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఒడిశా లాంటివి. ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. మనది మెరుగైన రాష్ట్రమట. మెరుగైన రాష్ట్రంలో పుట్టినందుకు కర్నూలుకు పడిన శిక్ష ఇది. రాష్ట్రం సగటు బాగుందని జిల్లాను చూడలేదు, జిల్లాను చూడలేదు కాబట్టి సగటే నిజమైంది. ఆ సర్వే ఎంత పని చేసిందో చెబుతాను. దాని ఆధారంగా సంగీత వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా అనే పరిశోధకులు 2022లో ఒక పత్రం ప్రచురించారు. ఆ తొమ్మిది రాష్ట్రాల్లో పై కులాల హిందువులకంటే ఆదివాసీలు నాలుగేళ్ళకు పైగా, దళితులు మూడేళ్ళకు పైగా, ముస్లింలు ఏడాది మేర తక్కువ బతుకుతున్నారని లెక్కకట్టి చూపించారు. డబ్బు తేడా ఒక్కటే దీనికి కారణం కాదని కూడా చూపించారు. కులం మనిషి ఏళ్ళను తినేస్తోందని అంకెల్లో తేలింది. మన ఆత్మకూరు అడవుల చెంచుగూడేల్లో, పత్తికొండ వైపు సుగాలి తండాల్లో, ఆదోని మాదిగగేరిలో ఎన్నేళ్ళు తక్కువ? ఆ ప్రశ్న వేయడానికి కావలసిన సమాచారమే మనకు లేకుండా చేశారు. 2018లో కేంద్రం వెనకబడిన జిల్లాలను ఎంచి ఆకాంక్షిత జిల్లాలని ఒక జాబితా వేసింది. కడప వచ్చింది, కర్నూలు రాలేదు. జిల్లాలను తూచిన ఆ సూచీల్లో ఆయుర్దాయం అనే గడి లేనే లేదు.

చావులను నమోదు చేసే చట్టం మనకుంది కదా అంటారు. ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. 21 రోజుల్లో చెప్పాలి. ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి రాసుకుంటారు. అది ఎట్లా నడుస్తుందో దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది.

చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. హాలహర్వి మండలంలో ఒక బాలింతకు రక్తస్రావం ఆగలేదు. ఆదోనికి తీసుకుపోయారు, అక్కడినుంచి దాదాపు వంద కిలోమీటర్లు కర్నూలు పెద్దాసుపత్రికి. అక్కడ ప్రాణం పోయింది. ఆ చావు కర్నూలు నగరం లెక్కలో పడుతుంది. హాలహర్వి పుస్తకంలో ఆమె చావు లేదు. రాయచూరు, బళ్ళారి, గద్వాల నుంచి వచ్చి ఇక్కడ కన్నుమూసినవాళ్ళ చావులు కూడా కర్నూలువే. అంటే ఆసుపత్రి ఉన్న ఊరు చావుల ఊరులా, ఆసుపత్రి లేని ఊరు ఆరోగ్యమైన ఊరులా పుస్తకాల్లో తేలుతున్నాయి. నిజానికి చావు నమోదు ఫారంలో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్టిఫికెట్టు కోసం, రెండోది గణాంకాల కోసం. రెండో భాగంలో పోయిన మనిషి సొంతూరు ఏదో, ఏం పని చేసేవాళ్ళో, చివర్లో ఏ వైద్యం అందిందో అడుగుతారు. ఆడమనిషైతే గర్భంతో ఉండగానో, కాన్పులోనో, కాన్పయిన ఆరు వారాల్లోనో పోయిందా అని అడుగుతారు. బీడీ, పొగాకు అలవాట్లు ఎన్నేళ్ళుగా ఉన్నాయో కూడా అడుగుతారు. ఆ గడులు సరిగా నింపి, సొంతూరి ప్రకారం లెక్కతీస్తే చాలు, హాలహర్వి చావు హాలహర్వికి వస్తుంది.

ఇక సుగ్గి సంగతి, అంటే కూలి పనులకు వలస పోవడం. పండగలు దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు వెళ్ళండి. రాత్రిళ్ళు టెంపోల్లోకి బియ్యం మూటలు, బొచ్చెలు, బొంతలు, వాటి మీద పిల్లలు ఎక్కుతారు. గుంటూరు, పల్నాడు మిరపచేలకు పోతారు, బెంగళూరు కట్టడాలకు పోతారు. ఊళ్ళో తాళాలు, ముసలివాళ్ళు మిగులుతారు. చేను గట్టున పట్టాల గుడిసెలో నెలల బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, ఊరు కాని ఊళ్ళో, రాత్రిపూట, ఎవరిని లేపుతారు? ఆ బిడ్డ పోతే ఆ గట్టునే పూడ్చి, తెల్లారి మళ్ళీ చేలోకి దిగుతారు. ఆ చావు ఏ పంచాయతీ పుస్తకంలో ఉంది? కోసిగిలో లేదు, పల్నాడులోనూ లేదు. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు. ఆ బిడ్డను లెక్కలోకి తీసుకోకుండా కట్టిన ఏ సగటైనా అబద్ధమే.

ఊళ్ళోనే పోయినా అంతే. ఎవరి చావుకు సర్టిఫికెట్టు తీసుకుంటారు? భూమి పాసుపుస్తకం మార్చాలంటే తీసుకుంటారు. బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్ ఉంటే తీసుకుంటారు. పసిబిడ్డ పేర ఏముంది? కూలి మనిషి భార్య పేర ఏముంది? ఆస్తి ఉన్నవాళ్ళ చావే రికార్డుకెక్కుతోంది. పాలసీదారులు ఏ వయసులో వెయ్యికి ఎంతమంది పోతారో ఒక్కో ఏడు విడివిడిగా చెప్పే మోర్టాలిటీ టేబుల్ ఇన్సూరెన్స్ రంగం దగ్గర ఉంది, 2012-14 నాటి చావుల మీద కట్టింది. ప్రీమియం కట్టగలిగినవాళ్ళ చావు మీద అంత శ్రద్ధ. బేతంచెర్లలో నాపరాయి మెషిన్ల దగ్గర దుమ్ము మింగే కూలీకి, మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసినవాళ్ళకు అలాంటి పట్టిక చూపించండి. చూపించలేరు. నలభై ఏళ్ళు రాళ్ళు మోసిన మనిషికి అరవైకి వచ్చే వృద్ధాప్య పింఛను ఎన్నేళ్ళు అందుతుందో, అసలు అందేదాకా ఉంటున్నారో లేదో చెప్పగలిగిన అధికారి ఒక్కరు లేరు. ఇక జబ్బు పేరు సంగతి అడక్కండి. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చినవి నూటికి 22 పైచిలుకు మాత్రమే. మిగిలినవాళ్ళంతా కారణం లేకుండా పోయారు.

ఈ నేలకు లెక్కలేని చావులు కొత్త కాదు. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నవి బళ్ళారి, కర్నూలు, కడప. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గిపోయింది. ఊరి అధికారులు రాసిన చావుల పుస్తకాలకు అందని మనుషులు ఆ తరుగులో బయటపడ్డారు. అప్పుడు వైస్రాయి లిట్టన్ తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. అర్ధకిలో కూడా లేదు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. ఆ తిండితో పనిచేసే శరీరం నిలవదని, శిబిరాల్లో జనం ఎట్లా పోతున్నారో ముందు పెట్టి వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. చావులను లెక్కపెట్టి నిలబడిన ఒక్క డాక్టరు వల్ల కొన్ని ప్రాణాలైనా మిగిలాయి. అంకెలు కడుపు నింపుతాయా అని నన్ను అడిగేవాళ్ళకు నా జవాబు ఆ డాక్టరే.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో కాల్టన్ అనే పేటలో మగవాడి ఆయుర్దాయం 54. కొద్ది కిలోమీటర్ల దూరంలోని లెంజీలో 82. ఒకే దేశం, ఒకే ఉచిత వైద్యం, 28 ఏళ్ళ తేడా. ఆ మాట ప్రపంచాన్ని కుదిపింది. పేట పేటకూ చావులు లెక్కపెట్టే అలవాటు ఉంది కాబట్టే ఆ తేడా తెలిసింది. నాలుగు లక్షల జనం ఉన్న ఐస్‌లాండ్‌కు ఏటా ఆయుర్దాయం లెక్కకడతారు. ఉమ్మడి కర్నూలులో పది ఐస్‌లాండ్‌లు పడతాయి.

మరి మనకు చేయాలంటే ఏం కావాలి? వెయ్యికి ఆరేడు చావుల చొప్పున వేసుకున్నా ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి పాతికవేల మంది పోతుంటారు. ఐదేళ్ళవి కలిపితే లక్షా పాతికవేలు. ఆడా మగా విడిగా, కర్నూలు, నంద్యాల విడిగా, రెవెన్యూ డివిజన్లు విడిగా లైఫ్ టేబుళ్ళు కట్టడానికి ఆ చావులు చాలు. చిన్న సంఖ్యల వల్ల తప్పులొస్తాయని గణాంకాల అధికారులు అంటారు. వస్తాయి. ఎంత తప్పు రావచ్చో పక్కన రాసి ప్రకటించండి. జనాభా ఎంతో తెలియదంటారు. అది మా తప్పా? 2021లో జరగాల్సిన జనగణనను ఇన్నేళ్ళు వెనక్కి నెట్టింది మీరు. మనుషులు చాలరనడానికి అసలు వీల్లేదు. 2019 అక్టోబరు 2 నుంచి ఊరూరా సచివాలయం ఉంది. కార్యదర్శి ఉన్నారు, డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు, ఏఎన్ఎం ఉన్నారు, పక్కనే ఆశా, అంగన్‌వాడీ ఉన్నారు. ఒకటో తారీఖున ఏ ఇంట్లో ఎవరికి పింఛను ఇవ్వాలో తెలిసిన యంత్రాంగానికి, ఆ ఇంట్లో ఎవరు, ఏ వయసులో, ఎందుకు పోయారో తెలుసుకోవడం కష్టమా?

లెక్క ఎందుకు తేల్చరో కరోనా నాడు చూశాం. 2021 చివరికి దేశంలో ఆ జబ్బుతో పోయింది 4.8 లక్షల మంది అని ప్రభుత్వం, దాని వల్ల నేరుగానో పరోక్షంగానో పోయింది 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2020లో 81 లక్షల చావులు నమోదైతే 2021లో 102 లక్షలు నమోదయ్యాయి, ఆ అంకె బయటికి రావడానికి 2025 దాకా పట్టింది. లెక్క తేలకుండా ఉంటే ఎవరికి లాభమో అప్పుడే అర్థమైంది. చావు తేలితే కారణం తేలుతుంది, కారణం తేలితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

కాబట్టి అడుగుదాం. రాష్ట్ర ప్రభుత్వం ప్రతి జిల్లాకూ ఆయుర్దాయ పట్టిక కట్టి, తెలుగులో, ఏటా ప్రకటించాలి. చావును సొంతూరి ప్రకారం కూడా లెక్కతీయాలి. సుగ్గికి పోయిన కుటుంబాల్లో జరిగిన పుట్టుకలూ చావులూ, వాళ్ళు తిరిగొచ్చిన రోజున సచివాలయం సిబ్బంది ఇంటికెళ్ళి అడిగి, విడిగా రాసుకోవాలి. కర్నూలు, నంద్యాల, కడప ఎమ్మెల్యేలు అసెంబ్లీలో ఈ ఒక్క ప్రశ్న వేయాలి: మా జిల్లా మనిషి ఆయుష్షు ఎంత?

ఇది చదివే మీకు కూడా ఒక పని చెబుతున్నాను. మీ ఇంట్లో, మీ గేరిలో ఎవరు పోయినా, ఆస్తి ఉన్నా లేకపోయినా, ముసలివాళ్ళైనా ఒక్క రోజు బతికిన బిడ్డైనా, సచివాలయానికి వెళ్ళి రాయించండి. వయసు సరిగా చెప్పండి, సొంతూరు చెప్పండి, జబ్బు పేరు చెప్పండి. చదువురాని కుటుంబమైతే మీరే వెంట వెళ్ళండి. 21 రోజుల్లోపు వెళితే ఒక్క రూపాయి రుసుము కూడా లేదు.